అడవిలో నెమ్మది నడక: అందరూ అడిగే ప్రశ్నలు, మా జవాబులు

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మేం కొందరం కలిసి చేసే నడక గురించి కొత్తగా వచ్చేవాళ్ళు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పేబదులు ఇక్కడ రాసి పెట్టాం. మీరు మాతో రాకుండా మీ ఊరి దగ్గరి అడవికి మీరే వెళ్ళినా వీటిలో చాలావరకు పనికొస్తాయి.

అసలు ఈ నడకలో ఏం చేస్తారు?

చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున ఆరున్నరకల్లా అడవి అంచున కలుస్తాం. పదిమందికి మించనివ్వం. జాగ్రత్తలు నాలుగు మాటల్లో చెప్పుకుని, ఒకరి వెనక ఒకరు కాస్త ఎడంగా నడక మొదలుపెడతాం. మొదటి అరగంట ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకచోట కూర్చుంటాం, ఒకరు ఒక పద్యమో కవితో చదువుతారు. మళ్ళీ కాసేపు నడక, మళ్ళీ కూర్చోవడం. ఎండెక్కేలోపు వెనక్కి వచ్చేసి, తెచ్చుకున్న టిఫిన్లు విప్పుకుని, అప్పుడు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటాం.

అంటే ట్రెక్కింగేనా? ఎన్ని కిలోమీటర్లు?

ట్రెక్కింగ్ కాదు. మూడు గంటల్లో కిలోమీటరున్నర నడిస్తే ఎక్కువే. అడుగులు లెక్కపెట్టే వాచీ పెట్టుకొస్తే ఆ రోజు దానికి పని ఉండదు.

అయితే ఇంత నెమ్మదిగా నడవడం అనుకున్నంత తేలిక కాదు. ముందున్న మనిషిని దాటకుండా నడవడమే చాలామందికి మొదటి పరీక్ష. కాళ్ళు వాటంతట అవే పరుగెడతాయి, ఏదో బస్సు తప్పిపోతున్నట్టు. అలాంటప్పుడు ఆగి ఏదో ఒక్కదాన్ని దగ్గరగా చూడమంటాం. నల్లమద్ది చెట్టు బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆ పగుళ్ళలో చీమల దారి ఒకటి, సాలీడు అల్లిక ఒకటి, ఎండిపోయిన నాచు ఒకటి, ఇలా ఒక్క జానెడు మేర చూసేసరికి ఐదు నిమిషాలు గడుస్తాయి. చెట్టు మొదట్లో మెత్తటి మట్టి ఉంటే చిన్న చిన్న గరాటు గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంట అడుగున ఒక పురుగు దాక్కుని ఉంటుంది. అంచుమీద చీమ కాలు జారితే కింద నుంచి మట్టి విసిరి దాన్ని లోపలికి లాగుతుంది. ఒకసారి అది చూశాక ఎవరినీ నెమ్మదిగా నడవండని మళ్ళీ చెప్పే పని ఉండదు.

అనంతగిరే ఎందుకు? ఇంకెక్కడ చేయొచ్చు?

మాకు దగ్గర, అంతే. హైదరాబాద్ నుంచి పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడి టీబీ ఆస్పత్రి పాతకాలం నాటిది. సరైన మందులు లేని రోజుల్లో ఈ జబ్బుకి మంచి గాలి, విశ్రాంతే వైద్యం, అందుకే ఇలాంటి ఆస్పత్రులు ఊరికి దూరంగా కొండల్లో కట్టేవారు.

శని, ఆదివారాల్లో మాత్రం ఇటు రాకండి. బైకుల మోత, కార్ల డిక్కీల్లో స్పీకర్లు, బిర్యానీ ప్యాకెట్లు. మేం మామూలు రోజుల్లోనే పెట్టుకుంటాం. సెలవు దొరకనివాళ్ళకి కోపం వస్తుంది గానీ, ఆదివారం అడవికి తీసుకెళ్ళి నిశ్శబ్దం అంటే నవ్వుతారు.

హైదరాబాద్ దాటలేనివాళ్ళకి కేబీఆర్ పార్కు ఉంది, చిలుకూరు దగ్గర మృగవని ఉంది, వనస్థలిపురం వైపు హరిణ వనస్థలి ఉంది. విశాఖ వాళ్ళకి కంబాలకొండ. తిరుపతి వాళ్ళకి శేషాచలం అంతా ఉంది గానీ ఎక్కడికి పడితే అక్కడికి వెళ్ళనివ్వరు, తలకోన లాంటి అనుమతి ఉన్న చోట్లకే వెళ్ళాలి. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం రెండూ పులుల అభయారణ్యాలు. అక్కడ సొంతంగా నడక అనే మాటే వద్దు. అటవీశాఖ వాళ్ళు పంపే దారిలో, వాళ్ళ మనిషితోనే వెళ్ళాలి.

ఏ కాలం బాగుంటుంది?

అందరూ వానాకాలం అంటారు. పచ్చగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. మా ఓటు మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలలకి.

మాది ఆకురాల్చే అడవి. మాఘమాసం దాటేసరికి టేకు ఆకులన్నీ నేలమీదే ఉంటాయి. అడుగు వేస్తే చాలు, పెద్ద చప్పుడు. మొదట అందరికీ చిరాకేస్తుంది. కాసేపటికి ఎవరి నడక ఎలా ఉందో వాళ్ళకే వినిపిస్తుంది. పాదం మోపి బరువు నెమ్మదిగా వదిలేవాళ్ళు ఎవరో, మడమతో తొక్కేవాళ్ళు ఎవరో చెవికే తెలిసిపోతుంది. అదే సమయానికి మోదుగ పూస్తుంది. చెట్టుమీద ఒక్క ఆకు ఉండదు, కొమ్మలన్నీ కాషాయం. పూలలో తేనె కోసం గోరువంకలు, పికిలి పిట్టలు, తేనెపిట్టలు గొడవపడుతుంటాయి. బూరుగ ఎర్రపూలూ అప్పుడే.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు. రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలతాయి. ఎండుటాకుల మీద టపటపా పడే ఆ చప్పుడు వినడానికే కొందరు ప్రతి ఏడూ వస్తారు. కానీ ఎలుగుబంట్లకి ఇప్పపువ్వంటే ప్రాణం. అవి తిరిగే అడవుల్లో ఆ వేళప్పుడు లోపలికి వెళ్ళకూడదు. ఊరి పొలం గట్టు మీది ఇప్పచెట్టు కింద కూర్చుంటే ఆ చప్పుడే వినొచ్చు.

మే నెలలో రేల పసుపు గుత్తులు అందంగానే ఉంటాయి గానీ ఎండ, కార్చిచ్చు భయం, రెండూ ఉన్నాయి. మేం ఆ నెల సెలవు పెడతాం. తొలకరి తర్వాత నేల మెత్తబడి అడుగు చప్పుడు వినపడదు, ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఒక పురుగు టేకు ఆకులోని పచ్చదనమంతా తినేసి ఈనెలు మాత్రం మిగులుస్తుంది. అలాంటి ఆకును వెలుతురుకి ఎత్తి చూడండి. చెట్టు చచ్చిపోతోందని కంగారు పడొద్దు, మళ్ళీ చిగురిస్తుంది. చలికాలంలో ఒక్కటే ఇబ్బంది, దురదగొండి. ముదిరిన కాయల మీది నూగు గాలికి వచ్చి తగిలినా చాలు, ఆ రోజంతా కవిత్వం గుర్తుండదు.

అస్సలు మాట్లాడకూడదా? దగ్గు వస్తే?

దగ్గండి, తుమ్మండి. పాము కనిపిస్తే అరవకుండా చెప్పండి. కాలు బెణికితే పిలవండి. మేం వద్దనేది కబుర్లనే. ఆఫీసు, అపార్ట్‌మెంటు, అల్లుడి వీసా, ఇవన్నీ టిఫిన్ల దగ్గర పెట్టుకుందాం.

ఇంకో రకం మాటలు ఉంటాయి, అవి ఇంకా ప్రమాదం. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని రెండు నిమిషాలకోసారి అనేవాళ్ళు. పక్కవాళ్ళకి ఉన్న ప్రశాంతత కాస్తా పోతుంది.

మొదటి పది నిమిషాలు అడవిలో ఏమీ వినిపించదు. మనం రాగానే పిట్టలు గమ్మున ఉంటాయి. మనం ఒకచోట కదలకుండా కూర్చుంటే పావుగంటకి మళ్ళీ మొదలుపెడతాయి. ముందు దూరంగా జెముడుకాకి, తర్వాత దగ్గర్లో చిన్న పిట్టలు. మేం మౌనం పాటించేది ఇందుకే తప్ప వేరే వేదాంతం ఏమీ లేదు.

ఫోన్ తీసుకురావచ్చా?

తీసుకురండి, సైలెంట్‌లో పెట్టి సంచిలో పడేయండి. ఆపదకి పనికొస్తుంది. పిట్టల కూతను బట్టి పేరు చెప్పే యాప్‌లు వాడొద్దా అని అడుగుతారు. ఇంటికెళ్ళాక వాడండి. పేరు తెలియగానే చూడడం ఆపేస్తారు, మాలో చాలామంది సంగతి ఇదే. ఇక స్పీకర్‌లో పిట్టకూత వినిపించి పిట్టని రప్పించడం మా దగ్గర కుదరదు. తన చోటులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అది కంగారుపడి తిరుగుతుంది.

కవిత్వం ఎందుకు మధ్యలో? నాకు కవిత్వం అర్థం కాదు.

అర్థం కానక్కర్లేదు. స్కూల్లో ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించి మనందరినీ భయపెట్టేశారు. అడవిలో కూర్చుని విన్నప్పుడు పద్యం ముందు చెవికి చేరుతుంది. అరగంట మౌనం తర్వాత చెవి అలా సిద్ధంగా ఉంటుంది. అందుకే మొదట్లోనే చదవం.

పద్ధతి ఇది. ఒకరే చదవాలి, కాగితం చూసి, మామూలు గొంతుతో. రెండుసార్లు. మొదటిసారి విన్నాక ఒక నిమిషం ఊరుకుంటాం, తర్వాత రెండోసారి. వివరణ ఉండదు, చప్పట్లు ఉండవు, "ఆహా" కూడా వద్దు. పద్యం చదివేవాళ్ళకి ఒక విన్నపం: నాటకాల పద్యాల్లా రాగం తీయొద్దు. మా సభ్యుల్లో ఆ విద్య తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, ఆయన గొంతు అద్భుతం. కానీ ఆయన ఎత్తుకుంటే కొండ అవతల నెమళ్ళు కూడా బదులిస్తాయి. ఆయన పద్యం టిఫిన్ల తర్వాత.

ఎలాంటివి చదువుతారు?

పోతన గజేంద్రమోక్షం మొదట్లో త్రికూట పర్వతం మీది అడవిని వర్ణించే పెద్ద వచనం ఉంది. కథ అందరికీ తెలుసు, ఆ వచనం మాత్రం చాలామంది దాటేస్తారు. అందులో చెట్ల పేర్లే వరుసగా వస్తూ పోతాయి. ఇంట్లో చదివితే విసుగు. చెట్ల మధ్య కూర్చుని వింటే, ఆ పేర్లలో కొన్ని పక్కనే ఉన్నాయని తెలిసి మనుషులు తల తిప్పి చూస్తారు.

పెద్దన ప్రవరుడు మాకు బాగా దగ్గరివాడు. కాళ్ళకి పూసుకున్న పసరు మంచుకి కరిగిపోయి, హిమాలయాల్లో ఇంటిదారి తెలియక చిక్కుకున్న మనిషి. చూడ్డానికి వెళ్ళి చిక్కుబడిపోవడం గురించి అంత బాగా చెప్పిన ఘట్టం ఇంకోటి లేదేమో. దారితప్పినవాళ్ళని మేం ప్రవరులు అనే పిలుస్తాం.

కృష్ణశాస్త్రి అడవిలో దాగిపోతానన్న కవితను అడగనివాళ్ళు లేరు. 1982లో "మేఘసందేశం" సినిమాలో పాటగా వచ్చింది కాబట్టి అందరికీ ట్యూన్‌తో సహా వచ్చు. మాకు అదే చిక్కు. ట్యూన్ లేకుండా, మాటలుగా చదవమంటాం. మొదటి పంక్తి దగ్గర అందరి పెదాలూ కదులుతాయి, ఆ తర్వాత సర్దుకుంటారు.

ఇప్పటి కవులవీ చదువుతాం. అడవి మీద రాసినవే కావాలని లేదు. నిజానికి అడవిలో అడవి కవితలే చదవడం నాకైతే కాస్త అతి అనిపిస్తుంది. అమ్మ మీద రాసిన కవిత అక్కడ ఇంకా బాగా వినిపించిన రోజులున్నాయి.

నా సొంత కవిత చదవొచ్చా?

రెండోసారి వచ్చినప్పుడు. ఒక్కటే. పుస్తకావిష్కరణకి వేరే వేదికలున్నాయి.

పాములుంటాయా? జంతువులు?

ఉంటాయి. వాటి ఇల్లది. నెమ్మదిగా నడవడంలో ఒక మేలుంది, కాలు ఎక్కడ పెడుతున్నామో చూసే తీరిక ఉంటుంది. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి పడుకుంటుంది, మనం వస్తున్నా తప్పుకోదు. అందుకే బాట వదలం, ఆకుల గుట్టలో చేయి పెట్టం, పడిపోయిన మాను దాటేటప్పుడు ముందు అవతలివైపు చూసి దాటతాం. కూర్చునే ముందు కర్రతో నేలను కదిపి చూస్తాం.

ఒకవేళ కాటు పడితే: కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నాటుమందు వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీసేసి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి వీలైనంత త్వరగా చేర్చాలి. ఏ పామో తెలుసుకుందామని దాన్ని వెంబడించేవాళ్ళుంటారు, రెండో కాటు వాళ్ళకే.

పాములకంటే మాకు తేనెటీగలంటే ఎక్కువ భయం. పెద్ద పట్టు కనిపిస్తే చప్పుడు లేకుండా దూరం నుంచి మళ్ళిపోతాం. సెంటు, ఘాటు వాసన నూనెలు పూసుకు రావద్దనేది అందుకే. సిగరెట్ పొగ కూడా అంతే. లేచాయంటే చేతులు ఆడించకుండా మొహం కప్పుకుని ఆగకుండా దూరంగా పోవాలి, కారు దగ్గరుంటే ఎక్కి అద్దాలు బిగించాలి.

ఇంటికెళ్ళాక గోమార్ల (ఒంటికి అంటుకుని రక్తం పీల్చే చిన్న పురుగుల) కోసం ఒళ్ళంతా ఒకసారి చూసుకోండి, బట్టలు వేడినీళ్ళలో వేయండి. తర్వాత రెండు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చామని డాక్టర్‌కి చెప్పడం మరవొద్దు.

ఏం వేసుకోవాలి? ఏం తెచ్చుకోవాలి?

పాదం మొత్తం కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా. చీరలో రావచ్చు, కుచ్చిళ్ళు కాస్త పైకి కట్టుకోండి, రేగుముళ్ళు వదలవు. లీటరు నీళ్ళు, టోపీ, కూర్చోడానికి తువ్వాలు. చిప్స్ ప్యాకెట్లు వద్దు. పులిహోర, జొన్నరొట్టె, ఉడకబెట్టిన పల్లీలు, ఏదైనా స్టీలు డబ్బాలో. కోతులు చూసేలోపు తినేయాలి. మిగిలింది వాటికి పెట్టడం పుణ్యం కాదు, ఆ అలవాటుతోనే అవి రోడ్డెక్కి చక్రాల కింద పడుతున్నాయి.

బాత్‌రూమ్ సంగతి?

అడవిలో ఏమీ ఉండదు. బయల్దేరే ముందు ఊళ్ళో ఆగుతాం. మధ్యలో అవసరమైతే మొహమాటపడకుండా చెప్పండి. ఆడవాళ్ళు ఎవరైనా తోడుగా ఇంకొకరితో, బాటకు దగ్గర్లోనే, నీటికి దూరంగా వెళ్ళాలి. ప్యాడ్లు, టిష్యూలు కవర్లో చుట్టి వెనక్కి తెచ్చేయాలి. నెలసరిలో అడవికి రాకూడదా అని కొందరు మెల్లగా అడుగుతారు. నిక్షేపంగా రండి.

పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రావచ్చా?

పెద్దవాళ్ళకి మా నడక బాగా కుదురుతుంది, అసలు వేగం వాళ్ళదే. చేతికర్ర, అవసరమైతే మడత కుర్చీ తెచ్చుకోండి. షుగర్ ఉన్నవాళ్ళు తినే వేళ తప్పించొద్దు.

పిల్లలకి ఎనిమిదేళ్ళు దాటితే రానిస్తాం. వాళ్ళకి అరగంట మౌనం అన్యాయం, పది నిమిషాలు చాలు. కవితల బదులు పొడుపుకథలు వేస్తాం. "అడవిలో పుట్టాను, నల్లగా మారాను; ఇంటికి వచ్చాను, ఎర్రగా మారాను; కుప్పలో పడ్డాను, తెల్లగా మారాను" అని అడిగి, జవాబు వెనక్కి వచ్చేదాకా చెప్పం. బొగ్గు చూడకుండా పెరిగిన పిల్లలకి ఇది నిజంగానే కష్టం. వాళ్ళ అమ్మానాన్నలు ముందే అందిస్తారు, అదే మా బాధ.

బీపీ, టెన్షన్ తగ్గుతాయా? రుజువులున్నాయా?

కొన్ని ఉన్నాయి. 1984లో రోజర్ ఉల్రిచ్ "సైన్స్" పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు గోడ మాత్రమే కనిపించినవాళ్ళకంటే కాస్త ముందే ఇంటికెళ్ళారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువ వాడారు. మొత్తం 46 మందిమీద చేసిన చిన్న పరిశోధన అది. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలు చూస్తే, వారానికి కనీసం రెండు గంటలు ప్రకృతిలో గడిపేవాళ్ళు తాము ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువగా బయట తిరుగుతారేమో కూడా. జపాన్‌లో చెట్లు వదిలే వాసనల మీద చాలా పని జరిగింది గానీ అక్కడి చెట్లు వేరు, మన టేకు, మద్ది వేరు. ఆ ఫలితాలు తెచ్చి ఇక్కడ అతికించడం సబబు కాదు.

కాబట్టి మా మాట ఇది: బీపీ మాత్ర వేసుకునే రండి. డిప్రెషన్‌కి డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే వెళ్తూనే ఉండండి. ఆ రాత్రి నిద్ర బాగా పడుతుందని చాలామంది చెబుతారు. నాలుగున్నరకి లేస్తే పడదా మరి!

ఇదంతా జపాన్ ఫ్యాషనే కదా?

పేరు అక్కడిదే. 1982లో జపాన్ అటవీశాఖ "షిన్‌రిన్ యోకు" అని, అడవిలో స్నానం అన్న అర్థంతో ప్రచారం మొదలుపెట్టింది. ఊళ్ళు వదిలి పట్నాల్లో పని ఒత్తిడితో నలుగుతున్నవాళ్ళని అడవికి రప్పించడానికి, అడవుల మీద జనానికి ఇష్టం కలిగించడానికి.

మనకి కార్తీక వనభోజనాలు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, మాకూ ఇష్టమే. కానీ ఉసిరిచెట్టు కింద ఎంతమంది ఉసిరిచెట్టును చూస్తారు? కులాలవారీ బ్యానర్లు, మైకులు, హౌసీ ఆటలు. మన పాత పద్ధతులన్నీ గొప్పవని, బయటివన్నీ అక్కర్లేదని మేం అనం. ఎక్కడిదైనా పనికొచ్చేది తీసుకున్నాం.

ధ్యానం చేయిస్తారా? మతానికి సంబంధించిందా?

కాదు. కళ్ళు మూసుకోమని కూడా అనం. తెరిచి ఉంచమంటాం.

అనుమతి కావాలా?

కావాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, రిజర్వు ఫారెస్టుకి అటవీ చట్టం ఉంది. ముందుగా అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అడగండి, ఎక్కడిదాకా వెళ్ళొచ్చో వాళ్ళే చెబుతారు. పులుల అభయారణ్యాల్లో వానాకాలం మూడు నెలలూ సందర్శకులను రానివ్వరు. పువ్వు, ఈక, విత్తనం, రాయి, ఏదీ తీసుకురావద్దు. నెమలీక కింద పడి ఉన్నా సరే. అగ్గిపెట్టె ఎవరి జేబులోనూ ఉండకూడదు.

దారిలో ఊరివాళ్ళు ఎదురైతే?

ఇది చాలా తక్కువమంది అడుగుతారు, అందరూ అడగాల్సింది. మనకి సెలవు రోజు విహారం, వాళ్ళకి పని వేళ. కట్టెలకి, మేకలు కాసుకోడానికి, ఇప్పపువ్వుకి, సీతాఫలాలకి, తునికాకుకి వచ్చేవాళ్ళుంటారు. బరువు నెత్తిన పెట్టుకుని వస్తుంటే పక్కకి తప్పుకుని దారివ్వాలి. ఫొటో తీయొద్దు. మా మౌనం వాళ్ళకి వర్తించదు, "ఎక్కడ్నుంచి వచ్చిండ్రు?" అని అడిగితే చక్కగా మాట్లాడాలి. ఒక పెద్దమ్మ మమ్మల్ని చూసి, ఎవరో పోయినట్టు ఇట్ల పోతున్నరేంది బిడ్డా అని నిలదీసింది. కవిత్వం వినడానికని చెబితే నవ్వి, నెత్తిమీది మోపు దించి, మాతో కూర్చుని ఒక పాట పాడింది. తెచ్చుకున్న కవితలు ఆ పూట ఎవరూ బయటికి తీయలేదు.

వాళ్ళకి తెలిసింది అడగండి గానీ పరీక్ష పెట్టినట్టు కాదు. మేకలు కాసే అబ్బాయి ఎవరైనా తోడొస్తే అతని సమయానికి డబ్బివ్వాలి. ఊరికే థాంక్స్ చెప్పి రావడం మాకు నచ్చదు.

వాన వస్తే?

తడుస్తాం. ఉరుములు, మెరుపులైతే మాత్రం వెంటనే వెనక్కి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. వాగు పొంగుతుంటే మోకాలి లోతే కదా అని దిగొద్దు.

అమెరికాలో ఉంటాం. అక్కడ కుదురుతుందా?

బాగా కుదురుతుంది, బాటలు మనకంటే శుభ్రంగా ఉంటాయి. గోమార్ల బెడద అక్కడ ఇంకా ఎక్కువ, లైమ్ జబ్బు తెస్తాయి, కాబట్టి ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీని ముట్టుకోవద్దు. పిల్లలకి తెలుగు చదవడం రాకపోతే మీరు చదవండి, వాళ్ళు ఇంగ్లీషు కవిత ఒకటి చదువుతారు. పిట్టల పేర్లు వాళ్ళకే ఎక్కువ తెలుసు, అది ఒప్పుకోండి.

ఫీజు ఎంత? ఎలా రావాలి?

ఫీజు లేదు. ఆటో, టీ ఖర్చు పంచుకుంటాం. రైల్లో వికారాబాద్ దిగేవాళ్ళు ముందురోజే చెబితే స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడి పెడతాం. కారుంటే నలుగురిని ఎక్కించుకు రండి, ఒక్కరే రావద్దు. ఆరున్నర అంటే ఆరున్నరే. ఆలస్యమైతే ఫోన్ చేయకండి, ఎత్తం. టీకొట్టు దగ్గర కూర్చోండి, తొమ్మిదిన్నరకి వచ్చి కలుస్తాం.